కాళ్లు మార్చి కుంటే గుర్రం, మూడు కిలోల తవుడు: ఒక కేస్ స్టడీ

గుర్రం పేరు చుక్క. తొమ్మిదేళ్ల గెల్డింగ్ (వృషణాలు తీసిన మగ గుర్రం). వారంలో నాలుగైదు రోజులు తేలికపాటి స్వారీ, మిగతా రోజులు విశ్రాంతి. నా దగ్గరికి కుంటి కేసుగా వచ్చింది. మేత గురించి ఎవరూ ఫిర్యాదు చేయలేదు. ఒళ్లు నునుపుగా, పక్కటెముకలు కనపడకుండా, ఒంటి పుష్టిని కొలిచే తొమ్మిది మార్కుల హెన్నెకే స్కేలు మీద ఐదు దగ్గర ఉన్న గుర్రాన్ని చూసి తిండి సరిగా లేదని ఎవరు మాత్రం అంటారు?

యజమాని చెప్పిన చరిత్ర ఇది. కొన్ని నెలలుగా అడుగు పొట్టిదైంది. ఒక వారం ముందు కుడికాలు, ఇంకో వారం వెనక ఎడమకాలు. గిట్టలు చెక్కించారు, నాడాలు మార్చారు, ఒక కీలులో ఇంజెక్షన్ కూడా చేయించారు. ఫినైల్‌బ్యూటజోన్ (నొప్పి తగ్గించే మందు) పెట్టినన్నాళ్లూ తేరుకోవడం, ఆపిన కొద్ది రోజులకు మళ్లీ మొదలు. నర్వ్ బ్లాక్ (నరానికి మత్తుమందిచ్చి నొప్పి తెలియకుండా చేయడం) చేస్తే ఆ కాలు కుదుటపడేది గానీ, మర్నాటికి నొప్పి ఇంకో కాల్లో కనిపించేది.

ఒకే చోట నిలబడని కుంటి కనపడితే నేను కాళ్ల మీద ఎక్కువసేపు గడపను. గిట్టల్లో వేడి లేదు, గిట్ట పైన రక్తనాళం కొట్టుకోవడం మామూలుగానే ఉంది, కాబట్టి ల్యామినైటిస్ (గిట్ట లోపలి వాపు) పక్కన పెట్టాను. కండరాల ఎంజైములు కూడా తర్వాత నార్మల్‌గానే వచ్చాయి. ఇక చూడాల్సింది తొట్టి.

తొట్టిలో, దాని కింద నేల మీద, సగం నమిలి ఉమ్మేసిన పచ్చగడ్డి ఉండలు పడి ఉన్నాయి. పళ్ల సమస్య ఉన్న గుర్రాలు ఇలాగే చేస్తాయి. నోరు తెరిచి చూస్తే పళ్ల మీద పెద్ద ముళ్లేమీ లేవు. ముందు పళ్లు వేలితో కదిపితే రవ్వంత కదిలాయి. రెండు చెంప ఎముకల గట్టుల మీద వేళ్లు పెట్టి, ముక్కువైపు నుంచి కంటివైపుకు నెమ్మదిగా జరిపి చూశాను. రెండు పక్కలా గట్టు పైభాగం కొంచెం ఉబ్బి ఉంది. గట్టిగా ఉంది, నొప్పి లేదు. దూరం నుంచి చూస్తే కనపడదు, చేతికి మాత్రం తెలుస్తుంది. పంటి వేరులో చీము పడినా, సైనస్‌లో ఇన్‌ఫెక్షన్ ఉన్నా ఉబ్బు సాధారణంగా ఒక పక్కనే వస్తుంది, ముక్కులోంచి చీము కారుతుంది. ఇక్కడ రెండు పక్కలా ఒకేలా ఉంది, ముక్కు శుభ్రంగా ఉంది.

ఈలోపు గుర్రాన్ని చూసుకునే పెద్దాయన ఒక మాట అన్నాడు. "ఇదివరకు మూత్రం తెల్లగా చిక్కగా వచ్చేదండీ డాక్టర్ గారూ. ఈమధ్య తేటగా వస్తోంది. ఒంట్లో వేడి తగ్గినట్టుంది." ఆయన అది మంచి కబురుగానే చెప్పాడు. నాకు మాత్రం అప్పుడే అనుమానం బలపడింది. ఆరోగ్యంగా ఉన్న గుర్రం మూత్రం మబ్బుగా ఉండటమే మామూలు. గుర్రం తన మేతలో దొరికిన క్యాల్షియంలో ఎక్కువ భాగాన్ని పీల్చుకుని, అక్కర్లేనిది మూత్రంలో వదిలేస్తుంది. ఆ క్యాల్షియం కార్బనేట్ స్ఫటికాల వల్లే ఆ మబ్బు. మూత్రం తేటపడితే అదొక్కటే రోగాన్ని తేల్చదు గానీ, వదలడానికి క్యాల్షియమే మిగల్లేదేమోనని అడగాల్సిన సమయం అది.

డబ్బా లెక్క, తూకం లెక్క

"తిండికి మాత్రం ఏ లోటూ లేదండీ. పూటకి ఆరు డబ్బాల తవుడు, రెండు డబ్బాల ఓట్స్, పచ్చగడ్డి కావలసినంత" అన్నారు యజమాని. డబ్బా అనేది కొలత కాదు. అదే డబ్బా గోధుమ తవుడుతో నింపితే వచ్చే బరువు ఓట్స్‌తో నింపినప్పటి బరువులో దాదాపు సగమే. అందుకే స్ప్రింగ్ త్రాసు తెప్పించి, ఆయన మామూలుగా పోసినట్టే పోయించి, ఒక్కొక్కటీ తూచాం. గడ్డి మోపు కూడా తూచాం.

గుర్రం బరువు టేపుతో కట్టాం. ఛాతీ చుట్టుకొలత 180 సెంటీమీటర్లు. భుజం మొన నుంచి పిరుదు మొన దాకా 165. చుట్టుకొలతను దానితోనే గుణించి, దాన్ని పొడవుతో గుణించి, 11,880తో భాగిస్తే కిలోల్లో బరువు వస్తుంది: 450. వేబ్రిడ్జి అంత కచ్చితం కాకపోయినా మేత లెక్కకు ఇది చాలు.

రోజు మొత్తానికి తేలింది: గోధుమ తవుడు 3 కిలోలు, ఓట్స్ 2 కిలోలు, కోసి తెచ్చిన నేపియర్ పచ్చగడ్డి 20 కిలోలు. పచ్చగడ్డిలో ఐదింట నాలుగు వంతులు నీరే, కాబట్టి అందులో పొడి మేత 4 కిలోలు. ఎండుగడ్డి అసలు లేదు. పచ్చిమేత సులువుగా దొరుకుతోందని కొన్ని నెలల కిందట ఆపేశారట. కుంటి మొదలైంది ఆ తర్వాతే. అంతకుముందు కూడా తవుడు పెట్టేవారు, కాకపోతే కొంచెం తక్కువ.

ఇక ఖనిజాల లెక్క. గోధుమ తవుడులో క్యాల్షియం 0.13 శాతం, ఫాస్ఫరస్ 1.1 శాతం ప్రాంతంలో ఉంటాయి. మూడు కిలోల తవుడు ఇచ్చేది 4 గ్రాముల క్యాల్షియం, 33 గ్రాముల ఫాస్ఫరస్. ఓట్స్‌లో క్యాల్షియం 2 గ్రాములు, ఫాస్ఫరస్ 7. గడ్డిలో క్యాల్షియం 16, ఫాస్ఫరస్ 12. మొత్తం క్యాల్షియం 22 గ్రాములు, ఫాస్ఫరస్ 52. తేలికపాటి పని చేసే 450 కిలోల గుర్రానికి రోజుకు దాదాపు 27 గ్రాముల క్యాల్షియం, 16 గ్రాముల ఫాస్ఫరస్ సరిపోతాయి. అంటే క్యాల్షియం కొంచెం తక్కువ, ఫాస్ఫరస్ మూడు రెట్ల పైమాటే. క్యాల్షియం ఎప్పుడూ ఫాస్ఫరస్ కంటే ఎక్కువ ఉండాలి, ఒకటిన్నర నుంచి రెండింతలు ఉంటే మంచిది. ఇక్కడ అది తిరగబడింది.

నిజానికి పరిస్థితి కాగితం మీద కనపడుతున్నదానికంటే అధ్వానం. నేపియర్, సెటేరియా, కికుయు, బఫెల్ లాంటి వేడి ప్రాంతాల గడ్డి రకాల్లో ఆక్సలేట్ ఎక్కువ. నేపియర్ పొడి బరువులో 2 శాతానికి మించి ఉండటం మామూలే. ఆక్సలేట్ క్యాల్షియంని పట్టేసుకుంటుంది. మేతలో క్యాల్షియం, ఆక్సలేట్‌లో సగానికి కూడా రాకపోతే గుర్రానికి ప్రమాదం అని లెక్క. ఈ గడ్డిలో అది ఐదో వంతు దగ్గర ఉంటుంది. అంటే ఆ 16 గ్రాముల్లో గుర్రానికి దక్కేది చాలా తక్కువ. గడ్డి క్యాల్షియం తీసేసి చూస్తే మిగిలేది 6 గ్రాములు, ఎదురుగా 52 గ్రాముల ఫాస్ఫరస్.

"అదే గడ్డి ఆవులకూ వేస్తున్నాం కదండీ, వాటికేం కాలేదే?" అని అడిగారు యజమాని. మంచి ప్రశ్న. ఆవు మేత ముందు పొట్టలోని మొదటి అర అయిన రూమెన్‌లోకి పోతుంది. అక్కడి సూక్ష్మజీవులు ఆక్సలేట్‌ని విరగ్గొట్టాకే క్యాల్షియం చిన్నపేగుకు చేరుతుంది. గుర్రానికి సూక్ష్మజీవులు ఉన్నది వెనకవైపు, సీకంలోనూ (పెద్దపేగు మొదట్లో ఉండే సంచి) పెద్దపేగులోనూ. క్యాల్షియం పీల్చుకునే చిన్నపేగు దానికి ముందే ఉంది. ఆక్సలేట్ విరిగేసరికి క్యాల్షియం దిగాల్సిన స్టేషన్ దాటిపోయి ఉంటుంది. ఫాస్ఫరస్ సంగతి దీనికి రివర్స్. తవుడులో ఫాస్ఫరస్ ఎక్కువగా ఫైటేట్ రూపంలో ఉంటుంది, దాన్ని వెనకపేగు సూక్ష్మజీవులు విడదీస్తాయి, ఫాస్ఫరస్ పీల్చుకోవడం జరిగేదీ అక్కడే. అలా ఈ మేతలో క్యాల్షియంకి దారి మూసుకుపోయింది, ఫాస్ఫరస్‌కి తెరుచుకుంది.

రక్తం ఏం చెప్పింది, ఏం చెప్పలేదు

రక్తంలో క్యాల్షియం డెసీలీటరుకి 11.2 మిల్లీగ్రాములు, అంటే నార్మల్. ఈ రోగంలో చాలామంది ఆగిపోయేది ఇక్కడే. రిపోర్టులో క్యాల్షియం బాగుంది కదా అని మేతని వదిలేస్తారు. రక్తంలో క్యాల్షియం పడిపోకుండా కాపాడటమే పారాథైరాయిడ్ గ్రంథుల పని. మేతలో దొరక్కపోతే అవి హార్మోన్ వదిలి ఎముకల్లోంచి తోడుకుంటాయి. కాబట్టి రక్తం నార్మల్‌గా ఉండటానికి మూల్యం ఎముకలు చెల్లిస్తున్నాయన్నమాట. ఖనిజం పోయిన చోట నార లాంటి మెత్తటి కణజాలం చేరుతుంది. ముఖం ఎముకల్లో అది ఉబ్బుగా పైకి తెలుస్తుంది, దవడలో పళ్లు వదులవుతాయి, కాళ్లలో ఎముకకీ స్నాయువుకీ అతుకు బలహీనపడి రోజుకో చోట నొప్పి పుడుతుంది. దీన్నే బిగ్ హెడ్ అంటారు. పాతకాలంలో పిండిమిల్లుల గుర్రాలు తవుడు మీదే బతికేవి గనక మిల్లర్స్ డిసీజ్ అని కూడా పేరుంది.

ఫాస్ఫరస్ 5.4 ఉంది, పెద్ద గుర్రానికి అది ఎక్కువే. ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ (ఎముకలో మార్పులు జోరుగా సాగేటప్పుడు పెరిగే ఎంజైము) ల్యాబ్ హద్దు దాటింది. క్రియాటినిన్ నార్మల్, కాబట్టి కిడ్నీ సమస్య కాదు. నన్ను ఒప్పించింది మాత్రం ఫాస్ఫరస్ ఫ్రాక్షనల్ ఎక్స్‌క్రీషన్. అంటే కిడ్నీలు వడగట్టిన ఫాస్ఫరస్‌లో ఎంత శాతం మూత్రంలో పోతోందో చెప్పే లెక్క. దీనికి పెద్ద ఏర్పాట్లు అక్కర్లేదు, ఒకే సమయంలో తీసిన రక్తం, మూత్రం చాలు. రెండింటిలో ఫాస్ఫరస్, క్రియాటినిన్ చూసి లెక్కగట్టాలి. సాధారణంగా అర శాతం లోపు ఉంటుంది. 4 శాతం దాటితే మేతలో ఫాస్ఫరస్ మితిమీరిందని అర్థం. చుక్కకి 11 శాతం వచ్చింది. పారాథైరాయిడ్ హార్మోన్ పరీక్షకి పంపలేదు. ఆ శాంపిల్‌ని చల్లగా జాగ్రత్తగా పంపకపోతే ఫలితాన్ని నమ్మలేం, పైగా వచ్చే అంకె చికిత్సని మార్చదు.

పళ్ల ఎక్స్-రేలో వేర్ల చుట్టూ ఉండే సన్నటి తెల్లగీత చాలాచోట్ల చెరిగిపోయి ఉంది. కాళ్ల ఎక్స్-రేలు దాదాపు మామూలుగానే ఉన్నాయి. ఎముకలో ఖనిజం కనీసం 30 శాతం పోతే గానీ ఎక్స్-రేలో పట్టుబడదు, కాబట్టి దాన్ని చూసి ధైర్యం తెచ్చుకోలేదు.

కొత్త మేత

నిర్ణయం మూడు ముక్కల్లో చెప్పొచ్చు: తవుడు పూర్తిగా బంద్, నేపియర్ బంద్, స్వారీ బంద్. మూడోది విన్నప్పుడే యజమానికి టెన్షన్ పట్టుకుంది. ఎముకలు ఇలా ఉన్నప్పుడు పరుగెత్తిస్తే విరగొచ్చు, స్నాయువు ఎముకని పెకలించుకుని ఊడి రావొచ్చు. చేత్తో పట్టుకుని నడిపించడం మాత్రం ఉంచాం.

కొత్త రేషన్: ఆక్సలేట్ తక్కువ ఉండే రకం ఎండుగడ్డి 6 కిలోలు, లూసర్న్ (అల్ఫాల్ఫా అనే పప్పుజాతి మేత) ఎండుగడ్డి 2 కిలోలు, ఓట్స్ 1 కిలో, మేతకి వాడే సున్నపురాయి పొడి 50 గ్రాములు, ఉప్పు 25 గ్రాములు. ఎండుగడ్డి నుంచి క్యాల్షియం 24, ఫాస్ఫరస్ 13. లూసర్న్ నుంచి 26, 4.4. ఓట్స్ నుంచి 1, 3.5. సున్నపురాయి పొడిలో 38 శాతం క్యాల్షియం లెక్కన 19 గ్రాములు. మొత్తం 70 గ్రాముల క్యాల్షియం, 21 గ్రాముల ఫాస్ఫరస్. నిష్పత్తి 3.3కి 1. రోజువారీ మేతకి ఇంత అవసరం లేదు. పోగొట్టుకున్న ఎముక మళ్లీ కట్టుకోవాలంటే కొన్ని నెలలు ఇలా నడపాలి. ఫాస్ఫరస్ చాలినంత ఉంటే పెద్ద గుర్రం ఆరింతల క్యాల్షియంని కూడా తట్టుకుంటుంది, కాబట్టి ఈ దిక్కున తప్పినా భయం తక్కువ. లూసర్న్‌లోనూ ఆక్సలేట్ ఉంటుంది, కానీ క్యాల్షియం అంతకంటే చాలా ఎక్కువ ఉండటంతో గుర్రానికి బాగానే అందుతుంది.

షెల్ఫ్‌లో అప్పటికే డీసీపీ డబ్బా ఉంది. "ఇదీ క్యాల్షియమే కదండీ" అన్నారు. డైక్యాల్షియం ఫాస్ఫేట్‌లో క్యాల్షియంతో పాటు దాదాపు 18 శాతం ఫాస్ఫరస్ ఉంటుంది. తవుడు లేకుండా కేవలం ఆక్సలేట్ గడ్డి మీద ఉన్న గుర్రానికైతే అది పనికొస్తుంది, ఎందుకంటే అక్కడ ఎముక కట్టుకోవడానికి రెండూ కావాలి. ఇక్కడ ఫాస్ఫరస్ పొంగిపొర్లుతోంది. విటమిన్ డీ ఇంజెక్షన్లు కూడా వద్దన్నాను. గుర్రం క్యాల్షియం పీల్చుకోవడంలో దాని పాత్ర అంతంతమాత్రం, మోతాదు మించితే గుండెలో, కిడ్నీల్లో క్యాల్షియం పేరుకుంటుంది. ఇంకో జాగ్రత్త: సున్నపురాయి పొడి అంటే క్యాల్షియం కార్బనేట్. గోడలకి వేసే సున్నం కాదు, అది నోరు, కడుపు కాల్చేస్తుంది.

తవుడు ఒక్కరోజులో ఆపలేదు. రెండు మూడు రోజులకోసారి అర కిలో తగ్గిస్తూ, అదే వరుసలో నేపియర్ తీసేస్తూ ఎండుగడ్డి పెంచుతూ రెండు వారాలు తీసుకున్నాం. వెనకపేగులోని సూక్ష్మజీవులు కొత్త మేతకి అలవాటు పడటానికి ఆ మాత్రం టైమ్ కావాలి, తొందరపడితే కోలిక్ (తీవ్రమైన కడుపునొప్పి) రావొచ్చు. పళ్లు నొప్పి తగ్గేదాకా ఎండుగడ్డిని తరిగి, నీళ్లు చల్లి పెట్టాం.

పెద్దాయనకి ఒకటే బెంగ. "తవుడు మానేస్తే పేడ గట్టిపడదాండీ?" గోధుమ తవుడు గుర్రానికి విరేచనకారి అన్నది పాత నమ్మకం. మామూలు మోతాదుల్లో తవుడు పేడని మెత్తబరచదు. పేగు కదలడానికి కావలసింది పొడుగాటి నార, నీళ్లు, నీళ్లు తాగించే ఉప్పు. కిలో ఎండుగడ్డి తినడానికి గుర్రం దాదాపు నలభై నిమిషాలు నములుతుంది, కిలో ఓట్స్ పది నిమిషాల్లో అయిపోతుంది. నమిలినప్పుడే లాలాజలం ఊరుతుంది, ఆ లాలాజలమే పొట్టలో యాసిడ్‌కి విరుగుడు. నెలల తరబడి ఫినైల్‌బ్యూటజోన్ మింగిన పొట్టకి ఇది ఇంకా అవసరం. ఆ మందు కూడా ఆపేశాం.

అసలు తిప్పలు సున్నపురాయి పొడితో వచ్చాయి. దానికి రుచీ పచీ లేదు. ఓట్స్ మీద చల్లి పెడితే చుక్క గింజలన్నీ ఏరుకు తిని, తొట్టి అడుగున తెల్లటి పొడిని అలాగే వదిలేసింది. కాగితం మీద 70 గ్రాములు రాసుకున్నాం, గుర్రం కడుపులోకి పోయింది 51. తరిగిన లూసర్న్‌ని తడిపి, ఒక చెంచా నూనె వేసి, పొడిని దానికి అంటుకునేలా కలిపి, మొదట పది గ్రాములతో మొదలుపెట్టి పెంచమన్నాను. తిన్నాక తొట్టి అడుగు చేత్తో తుడిచి చూడమని పెద్దాయనకి చెప్పాను. అరచేతికి తెల్లగా అంటకపోతే మోతాదు దిగినట్టే.

తర్వాత

మొదట మారింది నమలడం. మూడో వారానికల్లా తొట్టి కింద ఉండలు కనపడటం తగ్గింది. ఆరో వారానికి అడుగు పొడవు పెరిగింది, గట్టినేల మీద తిప్పితే కాస్త బిగుసుకుంటోంది గానీ ఫలానా కాలు కుంటుతోందని చెప్పలేకపోయాం. ఫ్రాక్షనల్ ఎక్స్‌క్రీషన్ 2 శాతానికి దిగింది. మూత్రం మళ్లీ మబ్బుగా మారిందని పెద్దాయన ఫోన్ చేసి మరీ చెప్పాడు. మూడు నెలలకి 0.4 శాతం.

చిక్కంతా ఈ దశలోనే. గుర్రం హుషారుగా ఉంటుంది, యజమానికి జీను వేయాలనిపిస్తుంది. నొప్పి తగ్గడానికి వారాలు చాలు, ఎముక నిండడానికి తొమ్మిది నెలల నుంచి ఏడాది పడుతుంది. నడక, తర్వాత మెత్తటి నేల మీద నిదానంగా ట్రాట్ (నెమ్మది పరుగు), అలా అంచెలంచెలుగా పెంచాం. గ్యాలప్, దూకుళ్లు తొమ్మిదో నెల ఎక్స్-రేలో పళ్ల చుట్టూ తెల్లగీత తిరిగి కనపడ్డాకే. పళ్లు గట్టిపడ్డాయి. చెంపల మీది ఉబ్బు మాత్రం కొంత తగ్గి ఆగిపోయింది. అది పూర్తిగా పోకపోవచ్చని మొదటే చెప్పి ఉంచాను కాబట్టి పేచీ రాలేదు.

అదే స్టేబుల్లో అదే మేత తింటున్న గుర్రాలు ఇంకా ఉన్నాయి. వాటిలో ఒకటి చూడి గుర్రం, ఒకటి ఏడాది పిల్ల. చూడి, పాలిచ్చే గుర్రాలకీ ఎదిగే పిల్లలకీ క్యాల్షియం అవసరం ఎక్కువ, అందుకే దెబ్బ ముందుగా తగిలేది వాటికే. ఏదీ కుంటడం లేదు. అయినా అన్నింటి రక్తం, మూత్రం తీయించాను. పిల్లకీ, చూడి గుర్రానికీ ఫాస్ఫరస్ 4 శాతం గీత దాటింది. వాటికి ఎక్స్-రేల దాకా పోకుండా మేత మార్చేశాం. ఎదిగే పిల్ల రేషన్ విడిగా లెక్కగట్టాల్సి వచ్చింది. దానికి ఫాస్ఫరస్ కూడా కావాలి, చుక్కకి ఇచ్చిన నిష్పత్తి దానికి పనికిరాదు, రెండింతల దగ్గర ఆపాం.

చుక్కకి ఏడాది తర్వాత సున్నపురాయి పొడి ఆపేశాం. ఎండుగడ్డి, లూసర్న్, ఓట్స్ లెక్కలోనే క్యాల్షియం రెండింతలకు పైగా ఉంది, రోజువారీకి అది చాలు. ఎండుగడ్డి కొత్త లోడు వచ్చినప్పుడల్లా శాంపిల్ ల్యాబ్‌కి పంపి క్యాల్షియం, ఫాస్ఫరస్ అంకెలు తెప్పించుకుంటున్నారు. త్రాసు మేత గదిలో మేకుకి వేలాడుతోంది, డబ్బాల మీద ఏది ఎన్ని గ్రాములో పెయింట్‌తో గీతలు గీశారు.